మొగ దాటించిన పడవలు

ఫాల్గుణ శుద్ధ పాడ్యమి

పొద్దుటి పోటు మామూలే. గాలి దక్షిణం నుంచి. వంతెనల మీదికి ఎక్కడా నీళ్ళు రాలేదు.

మంచెలూరు ఆటుపోట్ల కేంద్రంలో కూర్చునే మనిషి రోజూ రాయవలసింది ఇంతే. ఇవాళ ఇంతటితో ఆపలేను. దక్షిణవాహిని ఈసారి మన ఊరికి రాదట.

ఆ కబురు ఓడే స్వయంగా వైర్లెస్‌లో చెప్పింది. ఆ ఓడలో మనుషులుండరు. తెరచాప ఎత్తడం దగ్గర్నుంచి సరుకు దింపడం దాకా అన్నీ ఒక యంత్రమే చూసుకుంటుంది. మేం దాన్ని సరంగు అంటాం. అది తెలుగు శుభ్రంగా మాట్లాడుతుంది, కానీ దాని గొంతులో ఎండా వానా ఉండవు.

"మీ ఏరు సముద్రంలో కలిసే మొగలో తుపాను తర్వాత ఇసుక మేటలు జరిగాయి. నా దగ్గరున్న పటం చెల్లదు. లోతు తెలియని నీళ్ళలోకి నేను రాలేను, నూకరత్నం గారూ. మీ సరుకు ఈ ప్రయాణంలో ఎక్కించుకోవడం కుదరదు. విచారిస్తున్నాను."

చెవులకున్నవి తీసి బల్ల మీద పెట్టాను. కింద వంటశాల మంచె నుంచి కాజాలు వేగుతున్న వాసన వస్తోంది. ఊళ్ళో ఆడా మగా అక్కడే ఉన్నారు. ఉగాదికి మన పటాలానికి పంపే పొట్లాలు కడుతున్నారు.

పటాలం ఉన్నది భూమికి దక్షిణపు కొసన, మంచుగోడ దగ్గర. తాగునీళ్ళ కోసం ఆ గోడని కోసి, ముక్కలు లాక్కుపోయి అమ్ముకునే దొంగ ఓడలున్నాయి. గోడ బీటవారితే వెనకున్న మంచంతా సముద్రంలోకి జారుతుంది. సముద్రం లేస్తుంది. మా మంచెలు ఇప్పటికే రెండుసార్లు ఎత్తు పెంచాం. ఇంకోసారి పెంచితే స్తంభాలు ఆగవు. అందుకే మా ఊరివాళ్ళు కొందరు అక్కడ తుపాకులు పట్టుకుని చలిలో నిలబడ్డారు. వాళ్ళలో మా ఆయన సూరిబాబు ఒకడు.

అక్కడి చలికాలం ముందు వెళ్ళే ఆఖరి ఓడ ఇదే. ఇది వెళ్ళాక అక్కడి సముద్రం గడ్డకడుతుంది. మళ్ళీ కరిగేదాకా ఏ ఓడా వెళ్ళదు.

ఫాల్గుణ శుద్ధ తదియ

లోతులు కొలిచే ప్రభుత్వ కార్యాలయంతో మాట్లాడాను. వానాకాలం వెళ్ళాక పడవ పంపుతామన్నారు. ఉగాది సంగతి చెప్పాను. "అలాగే, నమోదు చేసుకున్నాం" అన్నారు.

ఇక దాచి లాభం లేదని వంటశాలకి వెళ్ళి చెప్పాను. తెడ్లు ఆగిపోయాయి. ఖాసింబీ ఒక్కతే కాజాలు పాకంలో ముంచుతూనే ఉంది. ఈ పొట్లాల పని మొదలుపెట్టింది ఆవిడే, మొదటి జట్టు మంచుకి వెళ్ళిన ఏడు.

"ఓడ రాదంటే ఆపేత్తామేంటమ్మా? పాకం పట్టేశాను. ముదిరిపోద్ది. ఓడ సంగతి నువ్వు సూడు, కాజా సంగతి నేను సూత్తాను."

"నేనేం చూస్తాను పిన్నీ? అది యంత్రం. బతిమాలితే వింటుందా?"

"బతిమాలమన్నానా? ఏం కావాలో అడుగు. యంత్రానికైనా ఏదో ఒకటి కావాలిగదా."

ఫాల్గుణ శుద్ధ పంచమి

సాయంత్రం పెద్దమంచె మీద సభ జరిగింది. ఊరి పెద్ద నాగూరయ్య గారు గొంతు సవరించుకుని చాలా తేలిగ్గా ఒక మాట అనేశారు.

"పున్నమినాడు ఓడ మన ఎదుటి నుంచేగా పోద్ది. పడవ మునిగిపోతంది, కాపాడండని కబురెడదాం. సముద్రం మీద ఆపదంటే ఏ ఓడైనా ఆగి తీరాలండి. ఆగాక పొట్లాలు ఎక్కించేద్దాం."

చాలామంది చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు.

"ఆ కబురు పంపే చెయ్యి నాదండీ. నేను పంపను. రేపు నిజంగా మన పడవ మునిగినప్పుడు, మంచెలూరు వాళ్ళు అబద్ధాలకోరులని ఏ సరంగూ ఆగకపోతే ఏం చేస్తాం? మనం మోసం చేసేది ఒక్క ఓడనే అయినా, ఆ సంగతి యంత్రాలన్నిటికీ పాకుతుంది."

నాగూరయ్య గారి మొహం చిన్నబోయింది. "అయితే దారి నువ్వే సూపించమ్మా" అన్నారు.

ఖాసింబీ మాట గుర్తుపెట్టుకునే వెళ్ళాను. వైర్లెస్ పెట్టె సభలోకి మోయించి, అందరి ముందూ సరంగుని పిలిచాను. బతిమాలలేదు. మా మొగలోకి రావాలంటే నీకేం కావాలని అడిగాను.

కాసేపు గరగర వినిపించింది.

"లోతైన దారికి రెండు అంచులూ నా కళ్ళకి కనబడాలి. గుర్తులు కదలకూడదు. ప్రతి గుర్తు దగ్గరా ఆ క్షణానికి ఎంత లోతుందో నాకు తెలియాలి. ఇవి ఉంటే పౌర్ణమి పోటు మీద వచ్చి, అదే పోటు తగ్గకముందు వెళ్ళిపోగలను."

"ఇవన్నీ ఉంటే వస్తావా?"

"వస్తాను. నాకు రాకూడదని లేదు, నూకరత్నం గారూ."

ఈసారి చప్పట్లు నేనే ముందు కొట్టాను.

ఫాల్గుణ శుద్ధ సప్తమి

పీపాలకి రంగులేసి, రాళ్ళు కట్టి, మొగలో గుర్తులుగా వదిలాం. కేంద్రం పైనుంచి దుర్భిణీలో చూస్తున్నాను. నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలయ్యేసరికి ఒక్కొక్కటే రాళ్ళని ఈడ్చుకుంటూ సముద్రంలోకి పోయాయి. ఇంకా పెద్ద రాళ్ళు కట్టాం. అవీ పోయాయి. అడుగున ఇసుక ఇంకా కుదురుకోలేదు, దేన్నీ పట్టి ఉంచదు.

అందరూ ఉసూరుమంటూ తిరిగొస్తున్నారు. అప్పుడు నా కంటపడింది. పీపా వెయ్యడానికి వెళ్ళిన కోటమ్మ పడవ మాత్రం పీపా వేసిన చోటే ఉంది. కోటమ్మ, ఆవిడ మొగుడు అన్నవరం, ఇద్దరూ తెడ్లు మెల్లగా ఆడిస్తూ, ఏదో మాటల్లో పడి, ఆ ప్రవాహం మధ్య ఇంట్లో అరుగు మీద కూర్చున్నట్టు కూర్చున్నారు.

మైకు తీసి, పడవలో ఉన్న వైర్లెస్ మీద కోటమ్మని పిలిచాను. "వదినా, అక్కడ ఎంతసేపు అలా ఉండగలవు?"

"ఎంతసేపేంటి? మా ఆయన దెబ్బలాట ఆపేదాకా ఉంటాను" అంది.

రాయి నిలబడలేని చోట మనిషి నిలబడుతుంది. ఈ ఊళ్ళో పడవలకేం కరువు?

ఫాల్గుణ శుద్ధ దశమి

మూడు రోజులుగా ఊరు ఊరంతా మొగలోనే ఉంది. తాడుకి ఇనప గుండు కట్టి దించడం, తడి ఎంత మేర అయిందో రెండు చేతులూ చాచి బారలు కొలవడం, కేక వెయ్యడం. బడి పంతులమ్మలు, మంగలి, దర్జీ, మసీదులో అజాన్ ఇచ్చే ఆయన, అందరూ కొలిచేవాళ్ళే. వంకర తిరిగినా మొత్తానికి ఒక లోతైన దారి దొరికింది. ఓడకి నాలుగు బారలు కావాలి. పున్నమి పోటుకి సరిగ్గా సరిపోతుంది.

ఒక్క చోటే గండం. బయటి కొసన, కెరటాలు విరిగే చోట మా చిన్న పడవలు నిలవడం లేదు. రెండుసార్లు బోల్తా పడ్డాయి. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడ నిలవాలంటే బరువైన నావలు కావాలి. అలాంటివి ఊళ్ళో రెండే ఉన్నాయి. రెండూ ఓలేటి సింహాద్రి మావయ్యవి.

ఆయన దగ్గరికి వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నేనే వెళ్ళాను.

మావయ్య మంచె చివర వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన కూతురు వీరవేణి మొదటి జట్టులో మంచుకి వెళ్ళింది. గోడ మీద కాపలా కాస్తుండగా దొంగ ఓడ పేల్చిన గుండుకి చనిపోయింది. తెచ్చే దారి లేక అక్కడే మంచులో పెట్టేశారు. ఆ కబురు ఆయనకి చెప్పింది నేనే. అప్పటినుంచి ఆయన కేంద్రం మెట్లెక్కలేదు, పటాలం మాట ఎత్తిన ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు.

వచ్చిన పని చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"కూతుర్ని పంపానే. ఇంకేం పంపమంటావ్?"

చెప్పాలనుకున్న మాటలన్నీ ఆ వల మీద పడి జారిపోయాయి. అత్తయ్య లోపల్నుంచి గుమ్మంలోకి వచ్చి నా వైపు ఒకసారి చూసింది, ఆయన వైపు ఇంకా ఎక్కువసేపు చూసింది. దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఫాల్గుణ శుద్ధ త్రయోదశి

పొట్లాలు కట్టడం అయిపోయింది. వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, ఉప్పులో ఊరిన మామిడి పిందె ముక్కలు, అన్నీ విడివిడిగా కట్టాం. ఉగాదినాడు కలుపుకుంటారు. మా చెట్లన్నీ తొట్లలో పెరిగినవే కాబట్టి ఆ పువ్వు కోసం ఊళ్ళో ప్రతి తొట్టి దులిపాం. కాజాలు, ఎండు రొయ్యల పొడి, చెవులు మూసే ఉన్ని టోపీలు ఒక్కో పొట్లంలో కూరి కూరి పెట్టారు. సూరిబాబు పొట్లంలో ఏం పెట్టానో ఇక్కడ రాయను.

బయటి కొస ఇంకా ఖాళీ. సరంగుకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"బయటి జత లేకపోతే లోపలికి తిరగడం ఎక్కడో నాకు తెలియదు" అంది. "పౌర్ణమినాడు వచ్చి చూస్తాను. కనబడకపోతే సాగిపోతాను."

ఫాల్గుణ పౌర్ణమి

అంతా మర్చిపోకముందే గబగబా రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే పోనీ.

తెల్లవారేసరికి పడవలు రెండు బారులుగా బయలుదేరాయి. పడవకో గెడ, గెడకో జెండా, చేతిలో గుండు తాడు. ఎడమ బారుకి ఎర్ర గుడ్డలు, కుడి బారుకి పసుపు గుడ్డలు. నేను కేంద్రం పైన మైకు ముందు కూర్చున్నాను. పొగమంచు విడిపోయాక దుర్భిణీ తిప్పుతూ తిప్పుతూ బయటి కొసకి వచ్చి ఆగిపోయాను.

రెండు పెద్ద నావలు అక్కడున్నాయి. అందరికంటే ముందే వచ్చి, ఇసుకలో లోతుగా దిగే పెద్ద లంగర్లేసి, ఇంజన్లు ఆడిస్తూ ఉన్నాయి. కెరటం విరిగినప్పుడల్లా ముక్కు ఎత్తి దింపుతున్నాయి. ఒకదాంట్లో మావయ్యా అత్తయ్యా, రెండోదాంట్లో ఆయన వల లాగే మనుషులు.

"మావయ్యా!" అన్నాను మైకులో.

"అరవకు. ఓడ కోసం రాలేదు. వీళ్ళందరూ మునిగిపోతారని వచ్చాను" అన్నాడు. ఆ వెనకే అత్తయ్య గొంతు వినిపించింది. "అబద్ధం. రాత్రంతా ఇంజనుకి నూనె పెడతానే ఉన్నాడు."

పోటు నిండుతుండగా దక్షిణవాహిని కనిపించింది. ముందు నాలుగు తెల్లటి తెరచాపలు, తర్వాత దాని నల్లటి ఒళ్ళు. అంత పెద్దదాన్ని దగ్గర్నుంచి చూసిన ప్రతిసారీ ఊపిరి తీసుకోవడం మర్చిపోతాను.

"బయటి జత కనబడింది. లోపలికి వస్తున్నాను. లోతులు చెప్పండి" అంది సరంగు.

పడవల నుంచి కేకలు వైర్లెస్‌లోకి వచ్చిపడ్డాయి. "నాలుగూ జానెడు!" "నాలుగున్నర!" "నాలుగు, సరిగ్గా నాలుగు!" ఓడ సింహాద్రి మావయ్య నావల మధ్య నుంచి దూరింది. దాని పక్కలు జెండాలకి తగులుతాయేమో అన్నంత దగ్గరగా వెళ్ళింది. తర్వాతి జత దాటింది. ఆ తర్వాతిది.

సగం దారిలో పెద్ద కెరటం ఒకటి ఓడ వెనకనుంచి లేచి కుడి బారు మీద పడింది. కోటమ్మ పడవ నురగలో గిర్రున తిరిగి పక్కకి జరిగిపోయింది. జెండా మాత్రం నిలబడే ఉంది. పైనుంచి చూస్తున్న నాకే అది తప్పు చోట ఉందని తెలియలేదు. ఆవిడే అరిచింది.

"రత్నం! మా పడవ జరిగిపోయింది! మా జెండాని నమ్మొద్దని సెప్పు!"

ఓడ తెరచాపలన్నీ ఒక్కసారి జారిపోయాయి.

"గుర్తు పోయింది. ఆగాను" అంది సరంగు. "ప్రవాహం నన్ను మేట వైపు నెడుతోంది. ఎక్కువసేపు ఆగలేను."

కోటమ్మా అన్నవరమూ తెడ్లు వేస్తున్నారు గానీ కెరటం వాళ్ళని ఇంకా దూరం తోస్తోంది. పక్క పడవలు కదిలితే వాటి చోట్లు ఖాళీ అవుతాయి. ఎవర్ని పిలవాలో తెలియలేదు. ఓడ అంగుళం అంగుళం పక్కకి జరుగుతోంది. మేట మీద ఇసుక తేలిన నీళ్ళు గోధుమ రంగులో సుళ్ళు తిరుగుతున్నాయి.

అంతలో బయటి కొసన ఒక నావ లంగరు తాడు కోసేసుకుంది. ఓడ దాన్ని దాటేసింది కాబట్టి అక్కడ ఇక దాని పని లేదు. ఆ సంగతి సింహాద్రి మావయ్యకి తట్టినంత తొందరగా నాకు తట్టలేదు. ఇంజను పొగ కక్కుతూ ఓడ పక్కనుంచి దూసుకొచ్చి, కోటమ్మ చోట అడ్డంగా తిరిగి ఆగింది. అత్తయ్య గుండు విసిరింది.

"నాలుగు బారలు!" మావయ్య గొంతు వైర్లెస్ లేకుండానే నాకు వినిపించింది. "నాలుగూ నాలుగు వేళ్ళు! నేనున్నాను, రమ్మను దాన్ని!"

తెరచాపలు మళ్ళీ లేచాయి.

ఓడ రేవులోకి వచ్చేసరికి ఊళ్ళో మిగిలినవాళ్ళంతా వంతెనల మీద వరసగా నిలబడి పొట్లాలు చేతులు మార్చారు. వంటశాల నుంచి ఓడ కొక్కెం దాకా ఒకటే గొలుసు. ఖాసింబీ చివర నిలబడి ప్రతి పొట్లాన్నీ తట్టి పంపింది. పోటు తిరగకముందే పని అయిపోయింది.

ఆఖరున సింహాద్రి మావయ్య తడిసిన బట్టలతోనే వచ్చాడు. చేతిలో గుడ్డ చుట్టిన జాడీ ఉంది. అత్తయ్య పెట్టిన రొయ్యల పచ్చడి.

"ఎవరి పేరు రాయను మావయ్యా?"

"పేరు తెలీదు." ఓడ వైపు చూస్తూ అన్నాడు. "మా అమ్మాయి నిలబడిన చోట ఇప్పుడెవరు నిలబడతన్నారో, ఆళ్ళకి."

వీరవేణి పేరు కలిపి అలాగే రాశాను.

వెళ్ళేటప్పుడూ పడవలు చోట్లలోనే ఉన్నాయి. కోటమ్మ తిరిగొచ్చి మళ్ళీ నిలబడింది, మావయ్య నావ బయటి కొసకి తిరిగెళ్ళింది. మొగ దాటాక సరంగుని అడిగాను, అంతలా ఎలా నమ్మావని.

"కోటమ్మ గారు తన గుర్తు తప్పని తానే చెప్పారు. తప్పు చెప్పుకునేవాళ్ళున్న చోట మిగతా గుర్తుల్ని నమ్మవచ్చు" అంది. తర్వాత, "ఈ దారిని పటంలో చేర్చాను. ఇకనుంచి మిగతా ఓడలూ రావచ్చు. పటం గీసినవారి పేరు రాయాలి. ఏమని రాయను?"

"మంచెలూరు అని రాయి."

ఫాల్గుణ బహుళ నవమి

దక్షిణవాహిని పెద్ద గాలిలో చిక్కుకుందని కబురు. ఒక తెరకొయ్య విరిగిందట. ఊళ్ళో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. పొద్దుటి పోటు, గాలి, వంతెనలు, అన్నీ మామూలే.

ఫాల్గుణ బహుళ చతుర్దశి

చేరింది! సముద్రం అంచులు అప్పటికే గడ్డకడుతున్నాయట. పగుళ్ళలోంచి దారి చేసుకుంటూ మూడు తెరచాపలతోనే చేరింది. నేను కేంద్రం గంట కొట్టాను. తుపానుకి తప్ప కొట్టకూడని గంట. ఎవరూ తిట్టలేదు.

చైత్ర శుద్ధ పాడ్యమి, ఉగాది

పటాలానికి ఇవాళ ఊళ్ళతో మాట్లాడుకునే అవకాశం ఇచ్చారు. కేంద్రంలో కాలు పెట్టే చోటు లేదు. మెట్ల మీద, వంతెనల మీద, కింద పడవల్లో, అంతటా జనమే. బయటి మైకులకి గొంతు కలిపాను.

ముందు మా ఆయనే దొరికాడు. ఏడాదికోసారి మాట్లాడే మనిషి ఏమన్నాడంటే, "కాజాలు మెత్తబడ్డాయే."

"నా కాజానా? మెత్తబడ్డమా?" అని ఖాసింబీ నా చేతిలోంచి మైకు లాక్కోబోయింది. అక్కడ వెనక ఎవరో పగలబడి నవ్వారు. ఉగాది పచ్చడి కలుపుకున్నారట. వాళ్ళతోపాటు కాపలా కాసే వేరే దేశాలవాళ్ళు వరసలో నిలబడి మరీ తిన్నారట. వేపపువ్వు తగిలిన మొహాలు చూడాలి అన్నాడు. అంతకుమించి నాతో ఏదైనా అన్నాడా అంటే, అన్నాడు. అది ఊరంతా విన్నది. ఇంకో నెలదాకా నన్ను ఏడిపిస్తారు.

తర్వాత ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది. సన్నటి గొంతు, తడబడుతోంది.

"నేను గొల్లపల్లి ఏస్తేరునండీ. కరవాక ఊరి పక్క మంచెల నుంచి వచ్చాను. జాడీ నాకిచ్చారండి. మీరు జాడీ మీద రాసిన చోట, ఆ బురుజు మీద ఇప్పుడు నాదే కాపలా. పంపినోరు ఉన్నారాండీ?"

జనం పక్కకి తప్పుకున్నారు. సింహాద్రి మావయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన మెట్లెక్కి రావడం నేను చూడనే లేదు. అత్తయ్య వీపు మీద చెయ్యి వేసి ముందుకి నడిపించింది. ఆయన మైకు దగ్గరికి వంగాడు. అక్కడి గాలి హోరు వినిపిస్తోంది.

ఆయన అడిగాడు. "అక్కడ సలి ఎలా ఉంటాదమ్మా?"

"సెప్పలేనండి. గాలి కొడితే కంట్లో నీళ్ళు గడ్డకడతాయండి. కానీ నాకు గాలి తగలదండి. మా బురుజు మీద మంచు ఇటికెలతో అడ్డుగోడ ఒకటుంది. మిగతా బురుజుల మీద లేదు. వీరవేణి అక్క కట్టుకున్నారంటండి, వచ్చిన కొత్తలో. గొంతుదాకా వత్తాది. ఆవిడ తర్వాత ఆ చోట నిలబడినోళ్ళందరం దాని సాటునే నిలబడుతున్నామండి. దాన్ని వేణి గోడంటారండి ఇక్కడ. మీకు తెలీదాండీ?"

మావయ్య కొంచెం కొంచెంగా తల అడ్డంగా ఊపాడు, ఆ పిల్లకి కనబడుతున్నట్టే.

"ఇంకా నిలబడే ఉందా?"

"ఉందండి! అప్పుడప్పుడూ గాలికి పైవరస పోతాది. మేం మళ్ళీ పేరుత్తాం."

ఆయన వెనక్కి తిరిగాడు. కళ్ళు తుడుచుకోలేదు. గుమ్మం అవతల, మెట్ల మీద, వంతెనల మీద ఉన్న ఊరందరికీ వినబడేలా అరిచాడు.

"విన్నారంట్రా? మా అమ్మాయి కట్టిందంట! ఇంకా ఉందంట!"

వంతెనలు అదిరేలా ఊరు అరిచింది. కోటమ్మ తెడ్డుతో పడవ అంచు మీద దబదబ బాదుతోంది. మిగతా పడవలూ అందుకున్నాయి. పటాలం వైపు నుంచి "ఏంటది? ఏమైంది?" అని సూరిబాబు గొంతు వినిపించింది. ఏమని చెప్పను? మైకుని తీగ అందినంత మేర లాగి, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, ఊరి మీదికి ఎత్తి పట్టుకున్నాను.